కేబుల్ టీవీ: చిన్నవాళ్లు కలిసి పెద్దవాళ్లయిన కథ

జంషెడ్‌పూర్ అగ్రికోలో ఉంటూ తెలుగు వార్తలు, సీరియళ్లు చూడగలుగుతున్నామంటే కేబుల్, డీటీహెచ్‌ల పుణ్యమే. మన దేశంలో కేబుల్ వ్యాపారం 1991 గల్ఫ్ యుద్ధం రోజుల్లో ఊపందుకుంది. మేడ మీద డిష్, స్తంభం నుంచి స్తంభానికి వేలాడే నల్ల తీగ, నెలాఖరున రసీదు పుస్తకంతో వచ్చే కుర్రాడు: ఆపరేటరంటే అంతే. 1995లో చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ తప్పనిసరైంది. అదే ఏడాది ఈటీవీ మొదలైంది.

2012లో మహానగరాలతో మొదలైన డిజిటలీకరణ చిన్న ఆపరేటర్లకు భారమైంది. సిగ్నల్ కేంద్రానికీ సెట్‌టాప్ బాక్సులకూ పెట్టుబడి కావాలి. దాంతో చాలామంది పెద్ద సంస్థల సిగ్నల్ తీసుకున్నారు. 2018లో రిలయన్స్ సంస్థ, డెన్, హాత్‌వే అనే కేబుల్ సంస్థలలో మెజారిటీ వాటాల కొనుగోలును ప్రకటించింది.

నెదర్లాండ్స్‌లోనూ ఇదే దారి. 2008లో కాసెమా, మల్టీకాబెల్, ఎట్‌హోమ్ అనే కేబుల్ సంస్థలు కలిసి జిగ్గో అయ్యాయి. 2014లో లిబర్టీ గ్లోబల్ దాన్ని కొని, తన యూపీసీ నెదర్లాండ్స్‌తో కలిపేసింది. 2016 చివర్లో వొడాఫోన్ జతకట్టి వొడాఫోన్‌జిగ్గో ఏర్పడింది. ఒకే తీగపై టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అమ్మితేనే గిట్టుబాటు.

సంస్థలు పెద్దవైతే సాంకేతికత మెరుగవుతుంది, కానీ పోటీ తగ్గితే బిల్లు పెరగవచ్చు. 2019 నుంచి కావలసిన చానళ్లనే ఎంచుకునే హక్కు మనకుంది. చూడని చానళ్లు తీయించండి, తెలుగు చానళ్లు అడిగి పెట్టించుకోండి, రసీదు మాత్రం మరవకండి.