పెన్సిల్‌తో చింతచెట్టు

మహేంద్రమంగళంలో బొమ్మలు నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఈ నాలుగు మాటలు. పెన్సిల్‌లో ఉండేది సీసం కాదు, గ్రాఫైట్‌లో బంకమన్ను కలిపి కాల్చిన పుల్ల. ఫ్రాన్సులో కాంటే అనే వ్యక్తి 1795లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. మన్ను ఎక్కువైతే గట్టి హెచ్ రకం, గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తని, నల్లని బి రకం. మీకు హెచ్‌బి, 2బి, 6బి చాలు.

చింతచెట్టు గీస్తారా? ఆకుల జోలికి అప్పుడే పోకండి! కళ్లు సగం మూసి చూడండి, వెలుగూ నీడా విడివిడిగా తెలుస్తాయి. హెచ్‌బితో చెట్టు ఆకారాన్ని తేలిగ్గా, మోచేయి కదిలిస్తూ గీయండి. ఎండ పడని వైపు 2బితో దగ్గర దగ్గరగా ఏటవాలు గీతలు వేయండి. వాటి మీద అడ్డంగా మరో వరస వేస్తే నీడ చిక్కబడుతుంది. వేలితో రుద్దితే బొమ్మ మాసిపోతుంది. 6బిని కొమ్మల సందుల్లోని చీకటికి దాచుకోండి. గీసేటప్పుడు అరచేతి కింద ఒక కాగితం పెట్టుకోండి.