బస్తా బరువు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన విషయం ‘విద్య – మన బాధ్యత’. ఆ విషయం మీద ఏటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. అందుకని మేము ఈసారి విద్యను గురించి గాక, విద్యను మోసే సంచిని గురించి నాలుగు మాటలు చెప్పదలిచాము. నవ్వకండి, సంగతి చిన్నదే గాని దాని వెనుక మన సొసైటీ పైకం కూడా ఉంది.

బడి సంచిని ఉర్దూలో బస్తా అంటాము. తెలుగులో బస్తా అంటే బియ్యం బస్తా. ఇన్నేళ్ళుగా ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెబుతున్న మాకు ఈ రెండు మాటలకూ ఉన్న తేడా ఏటేటా తగ్గిపోతున్నట్టు కనబడుతోంది.

కిందటి దసరా సెలవులు అయిపోయాక జరిగింది చెబుతాము. మా వీధిలో ఒక చిన్న కాన్వెంటులో అయిదో తరగతి చదివే పిల్ల వరసగా మూడు రోజులు బడికి పోలేదు. జ్వరమేమో అని వాళ్ళింటికి వెళ్ళాము. జ్వరం కాదు. సంచి బెల్టు ఊడిపోయింది. ఒకరోజు సంచిని పసిబిడ్డలా చంకనెత్తుకుని పోతుంటే తోటి పిల్లలు నవ్వారట. ఇక పోనని కూర్చుంది. ఆ సంచి మీద మన సొసైటీ పేరు అచ్చువేసి ఉంది. జూన్‌లో మన చేతులతో ఇచ్చిందే. “ముందే చెప్పకపోయారా అమ్మా?” అంటే ఆ తల్లి, “ఊరికే ఇచ్చినదానికి వంక పెడితే బాగుంటుందా మాస్టర్ సాబ్” అంది.

ఆ సంచులు ఒక్కొక్కటి 180 రూపాయల చొప్పున 120 కొందామన్నప్పుడు సరేనన్న వాళ్ళలో మేమూ ఉన్నాము. “పిల్లలు ఎక్కువ, పైకం తక్కువ” అని గట్టిగా అన్నది కూడా మేమే. కాబట్టి ఇది ఒకరిని వేలెత్తి చూపడం కాదు.

ఆ సంచిని ఇంటికి తెచ్చి లోపలి పక్క బయటికి తిరగేసి చూశాము. బెల్టు కొనను పై కుట్టులో ఊరకే దూర్చి ఒక్క వరస కుట్టు వేశారు. లోపల గుడ్డ అంచులకు పట్టీ లేదు, దారాలు పీచులుగా లేచి ఉన్నాయి. కొనేటప్పుడు మనం చూసింది రంగూ, జిప్పులూ, పైన బొమ్మా. తిరగేసి చూసినవాడు లేడు. సంచిని తిరగేసి చూడాలి. బెల్టు అతుకు దగ్గర చదరంగా కుట్టి, ఆ చదరం మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తులా కుట్టి ఉంటే అది నిలుస్తుంది. జిప్పు రన్నరును పదిసార్లు అటూఇటూ లాగి చూడాలి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. బొమ్మ ఉన్నందుకు ఇచ్చే డబ్బు కుట్టుకు ఇవ్వడం మేలు. ఈ మాట మా చిన్నవాడి దగ్గర మాత్రం చెల్లలేదు, వాడికి బొమ్మ సంచే కొన్నాము. అది వేరే కథ.

ఇక మన ఇళ్ళల్లో ఒక అలవాటుంది. చొక్కా అయినా, చెప్పులైనా, “పెద్దది కొను, నాలుగేళ్ళు వస్తుంది” అంటాము. చొక్కాకైతే చేతులు మడుస్తాము. సంచికి ఆ వీలు లేదు. రెండో తరగతి పిల్లవాడికి పదో తరగతి అన్న సంచి తగిలిస్తే అది పిరుదుల కిందికి జారి, నడిచేటప్పుడు వెనక్కు లాగుతుంది. వాడు పడకుండా ఉండడానికి మెడ ముందుకు చాపి నడుస్తాడు. పైగా సంచిలో చోటుంటే పిల్లలు నింపక మానరు. అందుకే పిల్లను వెంటబెట్టుకుని పోయి కొనాలి. దుకాణంలోనే రెండు మూడు పుస్తకాలు వేసి భుజాలకు తగిలించి చూడాలి. సంచి పైఅంచు భుజాలను దాటకూడదు, అడుగు నడుముకు నాలుగు అంగుళాల కన్నా కిందికి దిగకూడదు, వెడల్పు వీపును మించకూడదు. బెల్టులు రెండూ సమానంగా, వెడల్పుగా, లోపల మెత్త వేసి ఉండాలి. సన్నని బెల్టు భుజంలోకి తాడులా దిగుతుంది. రెండూ తగిలించుకోవాలి, ఒక భుజానికే వేలాడదీయడం ఇప్పటి షోకు.

కువైట్ నుంచి మామూ పంపిన చక్రాల సంచితో ఒక బాబు వస్తుంటాడు. మురికి కాలువలు దాటే మన సందుల్లో ఆ చక్రాలు తిరిగేదెక్కడ? చివరికి వాళ్ళ అమ్మే దాన్ని చేత్తో మోస్తుంది. మెట్లెక్కేటప్పుడు దెబ్బ తగులుతుందని, 2020లో కేంద్ర విద్యాశాఖ వెలువరించిన స్కూల్ బ్యాగ్ విధానంలో చక్రాల సంచి వద్దనే ఉంది.

సంచి బరువు పిల్లవాడి బరువులో పదోవంతు మించకూడదని ఆ విధానం చెబుతుంది. ఒకటి, రెండు తరగతులకు 1.6 నుంచి 2.2 కిలోలు, మూడు నుంచి అయిదుకు 1.7 నుంచి 2.5 కిలోలు. బడికింకా చేరని చిన్నపిల్లలకైతే సంచే వద్దు. ఈ గోడు కొత్తదేమీ కాదు. రచయిత ఆర్.కె. నారాయణ్ గారు 1989లోనే రాజ్యసభలో పిల్లల సంచుల బరువు మీద మాట్లాడారు, 1993లో యశ్‌పాల్ కమిటీ నివేదిక కూడా వచ్చింది. సంచులు మాత్రం పెరిగాయి.

ఆ అయిదో తరగతి పిల్ల సంచిని కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూశాము. 4 కిలోల 300 గ్రాములు! పిల్ల బరువు 25 కిలోలు. బెల్టు ఊడిందంటే తప్పంతా కుట్టుదే కాదన్నమాట. అన్నీ బయటికి తీశాము. లీటరు నీళ్ళ సీసా ఉంది, అదొక్కటే కిలో పైన. ఆ రోజు లేని పాఠాల నోటుబుక్కులు ఉన్నాయి, ఒక గైడు ఉంది, సాయంత్రం అటునుంచి అటే అరబీ చదువుకు పోవడానికి సిపారా, రెహల్ కూడా ఉన్నాయి. రాత్రి పూట టైంటేబుల్ చూసి సర్దే పని తల్లిదండ్రులది. అమ్మకు చదువు రాకపోతే పిల్ల చేతనే పైకి చదివించుకోవచ్చు. బరువు పుస్తకాలు వీపును ఆనుకునేట్టు పెట్టాలి. అరబీ పుస్తకాలకు మస్జిదు బీరువాలో ఒక అర ఇప్పిస్తామని ముతవల్లీ సాబ్ మాట ఇచ్చారు, షుక్రియా.

ఆటోలవాళ్ళు మన భాయీలే ఇక్కడ చాలామంది ఉన్నారు. సంచులను బయట కొక్కేనికి గుత్తులుగా వేలాడదీస్తారు. బెల్టు కొన పక్కన పోయే స్కూటరుకు తగులుకుంటే ఏమౌతుందో మీకు మేము చెప్పాలా? మోటారు సైకిలు వెనుక పిల్లను కూర్చోబెట్టేటప్పుడు కూడా వేలాడే బెల్టు కొనలు లోపలికి ముడవండి. అది చక్రంలో పడే వస్తువు.

ఇప్పుడు మా మనవి. మన రాష్ట్రంలో సర్కారు బడుల పిల్లలకు 2020 నుంచి కిట్టులో సంచి వస్తోంది. కనుక మనం చూడవలసింది ప్రైవేటు బడుల్లోని పేదపిల్లలను. కిందటేడు 120 సంచులకు 21,600 రూపాయలు ఖర్చయింది. అదే పైకంతో 420 రూపాయల గట్టి సంచులు 40 కొంటే 16,800 అవుతుంది. మిగిలిన 4,800తో 80 పాత సంచులను ఒక్కొక్కటి 60 రూపాయలకు బాగు చేయించవచ్చు. చాలా సంచులకు పోయేది బెల్టో, రన్నరో మాత్రమే. ఇంట్లో మిషను మీద బెల్టు కుట్టబోయి సూదులు విరగ్గొట్టుకోకండి, అది సంచులు కుట్టే దుకాణంవాడి పెద్ద మిషను పని. పైన సొసైటీ పేరు అచ్చు వేయవద్దని కూడా కోరుతున్నాము. ఇది కొందరు పెద్దలకు నచ్చకపోవచ్చు. కాని దానం తీసుకున్న సంగతి పిల్ల వీపు మీద రాసి ఊరంతా తిప్పడం మాకు మనసొప్పడం లేదు.

కార్యవర్గం ఒప్పుకుంటే మే నెల ఆఖరి ఆదివారం జొహర్ నమాజు తర్వాత ఇదే హాలులో పాత సంచులు చూస్తాము. ఉతికి, ఖాళీ చేసి, పిల్లలను వెంటబెట్టుకుని తీసుకురండి. కాటా మేము తెస్తాము. ఖుదా హాఫిజ్.