తీరిక కూడా అమానతే

నహ్మదుహూ వ నుసల్లీ అలా రసూలిహిల్ కరీమ్, అమ్మా బఅద్.

  

ప్రశంసలన్నీ అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, అనుచరులందరిపైనా శాంతి శుభాలు వర్షించుగాక!

ఈ జుమా నాడు తీరిక సమయం గురించి నాలుగు మాటలు మనవి చేసుకోదలిచాను. తీరిక అనగానే మనకు సెలవులు గుర్తుకొస్తాయి. మనలో ఎక్కువమంది మెకానిక్ షెడ్డుల్లో, కుట్టు మిషన్ల ముందు, తోపుడు బండ్ల దగ్గర, ఆటోల్లో శ్రమించి బ్రతికేవారు. అటువంటివారికి సెలవులెక్కడివి? కనుక నేను చెప్పబోయేది చిన్న తీరిక గురించి. ఒక బేరం వెళ్లి మరో బేరం వచ్చేలోపు, బస్సు కోసం నిలబడినప్పుడు, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు, అజాన్‌కూ ఇఖామత్‌కూ నడుమ దొరికే ఐదు పది నిమిషాల గురించి.

సహీహ్ బుఖారీలోని ఒక ప్రసిద్ధ హదీసు మీరు వినే ఉంటారు. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. అక్కడ ఆయన వాడిన అరబీ పదం వ్యాపారులకు చెందినది. విలువైన సరుకును చౌకగా అమ్ముకున్నవాణ్ణి, నాసిరకం సరుకును ఎక్కువ ధరకు కొన్నవాణ్ణి ఆ మాటతో పిలుస్తారు. మోసపోయానని వాడికి బజారులో ఉన్నంతసేపూ తెలియదు. ఇంటికి వచ్చి లెక్క చూసుకున్నాకే తెలుస్తుంది. మన తీరిక సంగతీ అంతే. లెక్క చూసుకునే రోజున గాని నష్టం కంటబడదు.

సోదరులారా! ఈ విషయంలో మీకు బోధించడానికి ముందు నేను నా లెక్క చెప్పుకోవాలి.

మా నాన్నగారు దర్జీ పని చేసేవారు. తెలుగు బడిలో ఐదో తరగతితో చదువు ఆపేశారు. నమాజులో చదివే సూరాలన్నీ ఆయనకు కంఠస్థమే. అర్థం మాత్రం తెలియదు. నేను మదరసా చదువు ముగించుకుని ఇంటికి వచ్చిన కొత్తలో ఆయన ఒక కోరిక కోరారు. “బేటా, నువ్వు ఫారిగ్ అయ్యావు గదా. రోజూ ఇషా తర్వాత ఓ పది నిమిషాలు నా దగ్గర కూర్చో. నేను నమాజులో ఏం చదువుతున్నానో నాకు తెలుగులో చెప్పు” అన్నారు. “రమజాన్ రానివ్వండి అబ్బా, పద్ధతిగా మొదలుపెడదాం” అన్నాను. రమజాన్ వచ్చింది, తరావీహ్‌లో తీరలేదు. బక్రీదు తర్వాత అనుకున్నాం. అలా రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లలో ఇషా తర్వాత నేను మిత్రులతో అరుగు మీద గంటలు గంటలు కూర్చున్నాను. పది నిమిషాలు లేక కాదు.

ఆయన మంచం పట్టాక ఒక రాత్రి సూరా ఫాతిహా అర్థం చెప్పాను. ఏడు ఆయతులు. పావుగంట కూడా పట్టలేదు. నాన్నగారు కళ్లు తుడుచుకుని, “ఇంతేనా బేటా? దీనికోసమా మనం రెండేళ్లు ఆగింది?” అన్నారు. నన్ను నిందించకుండా తప్పులో తననూ కలుపుకుని ‘మనం’ అన్నారు. ఆ ఒక్క మాట నన్ను ఈనాటికీ నిద్ర పోనివ్వదు. తర్వాత ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ సూరాల అర్థం చెప్పగలిగాను. అంతే. ఆయనకు వచ్చిన మిగతా సూరాలు అర్థం తెలియకుండానే మిగిలిపోయాయి. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

మదరసాలో చదువు పూర్తిచేసినవాణ్ణి ఫారిగ్ అంటారు. ఖాళీ అయినవాడు, తీరినవాడు అని దాని అర్థం. హదీసులో తీరికకు వాడిన మాట కూడా ఈ ధాతువు నుంచి వచ్చినదే. దివ్య ఖుర్ఆన్ 94వ సూరాలో, ఒక పని నుంచి తీరుబడి దొరికినప్పుడు మరో ప్రయాసకు పూనుకోమని, ప్రభువు వైపే మొగ్గమని అల్లాహ్ తన ప్రవక్త (స)ను ఆదేశించినప్పుడు వాడిన మాట కూడా ఆ ధాతువుదే. ఆ ఆయతును అరబీలో కంఠస్థం చేసి సనదు తీసుకున్న నేను, దాన్ని మా ఇంటి అరుగు మీద మరిచిపోయాను.

సూరా మునాఫిఖూన్ చివర అల్లాహ్ ఒక దృశ్యాన్ని మన ముందుంచాడు. మరణం ఆసన్నమైన మనిషి కొద్దిపాటి గడువు వేడుకుంటాడు, ఆ కాస్త వ్యవధిలో దానధర్మాలు చేసి సజ్జనుల్లో చేరిపోతానంటాడు. ఆ గడువు అతనికి లభించదు. ఆలోచించండి, అతను కోరింది నూరేళ్లు కాదు, కొద్ది సమయం మాత్రమే. ఆనాడు ప్రాధేయపడినా దొరకని ఆ కొద్ది సమయమే ఈనాడు మనకు రోజూ దొరుకుతోంది. దాన్ని మనం “ఊరికే ఉన్నాను” అనే మాటతో సరిపెడుతున్నాం.

“పది నిమిషాల్లో ఏమవుతుంది హజ్రత్?” అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్నకు ఖుర్ఆన్ అవతరణే సమాధానం. అది ఒక్కసారిగా అవతరించలేదు. 23 సంవత్సరాల పాటు కొద్దికొద్దిగా అవతరించింది. ఒక్కసారే ఎందుకు అవతరింపజేయలేదని అవిశ్వాసులు ఆక్షేపిస్తే, ప్రవక్త హృదయానికి స్థైర్యం కలిగించడానికే అలా చేశామని సూరా ఫుర్ఖాన్ 32వ ఆయతులో అల్లాహ్ తెలియజేశాడు. తలుచుకుంటే క్షణంలో సమస్తం చేయగలవాడు మనుషులకు నేర్పేటప్పుడు కొద్దికొద్దిగా నేర్పాడు. మరి మనం మాత్రం ఒక్కసారే అంతా జరగాలని, అందుకు పెద్ద తీరిక కావాలని ఎదురుచూస్తూ కూర్చుంటాం. నిలకడగా చేసే పని స్వల్పమైనదైనా అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమని దైవప్రవక్త (స) తెలిపారు.

హజ్రత్ ఉమర్ (రజి) జీవితం చూడండి. ఆయన నివాసం మదీనా పట్టణ శివార్లలోని ఎగువ ప్రాంతంలో ఉండేది. బ్రతుకుతెరువు పనులూ ఉండేవి. రోజూ ప్రవక్త (స) సన్నిధికి రావడం సాధ్యమయ్యేది కాదు. అందుకని ఆయన, పొరుగున ఉన్న ఒక అన్సారీ సోదరుడు వంతులు వేసుకున్నారు. ఒకనాడు ఆయన వెళ్లేవారు, మరునాడు ఈయన. వెళ్లినవారు ఆనాటి వహీ విశేషాలు, ఇతర సంగతులు రెండోవారికి చేరవేసేవారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. పనిచేసుకు బ్రతికే ఇద్దరు పొరుగువారు కలిసి విద్యను ఎలా సాధించారో గమనించండి. మనకూ పొరుగువారున్నారు. కానీ వారితో మన వంతులన్నీ మంచినీళ్ల పంపు దగ్గరే.

బాగ్దాదుకు చెందిన ఇమామ్ ఇబ్నుల్ జౌజీ (రహ్మతుల్లాహి అలైహి) హిజ్రీ 597లో పరమపదించారు. ఎన్నో గ్రంథాలు రచించిన మహా పండితుడు. పనిలేని ముచ్చట్ల కోసం జనం ఆయన వద్దకు వచ్చేవారు. పొమ్మంటే మనసులు నొచ్చుకుంటాయి, కూర్చుంటే కాలం పోతుంది. ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. కాగితాలు కత్తిరించడం, కలాలు చెక్కడం, పుస్తకాలు కట్టుకోవడం లాంటి ఆలోచన అక్కరలేని పనులను ఆ సమయానికి దాచి ఉంచేవారు. అతిథులతో మాట్లాడుతూనే వాటిని ముగించేవారు. అలా బంధుత్వాలు నిలిచాయి, రాత పనికి ప్రశాంతమైన వేళలూ మిగిలాయి.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. మగ్రిబ్‌లో వ్యవధి తక్కువ, దాన్ని వదిలేయండి. తక్కిన నాలుగు నమాజుల్లో సున్నతులు పోను ఇఖామత్‌కు ముందు ఐదేసి నిమిషాలు దొరికాయనుకుందాం. రోజుకు 20 నిమిషాలు. సంవత్సరానికి 7300 నిమిషాలు, అంటే 121 గంటల పైచిలుకు. ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే పదిహేను రోజులు! మదీనా ముస్‌హఫ్‌లో 604 పేజీలున్నాయి. రోజుకు అర పేజీ అర్థంతో సహా చదివినా మూడేళ్ల నాలుగు నెలల్లో పూర్తి ఖుర్ఆన్ భావం మీ హృదయానికి చేరుతుంది. ఆ మూడేళ్లు ఎలాగూ గడిచిపోతాయి. ఖుర్ఆన్‌తో గడుస్తాయా, సెల్‌ఫోన్‌లో వీడియోలు జరుపుతూ గడుస్తాయా అన్నది మన చేతిలో ఉంది.

లక్ష్యం అంటే ధార్మిక విద్య ఒక్కటే అని అనుకోకండి. సంకల్పాలను బట్టే కర్మల విలువ. హలాల్ సంపాదన కోసం కొత్త పనితనం నేర్చుకోవడం, ఆగిపోయిన పదో తరగతిని ఓపెన్ స్కూల్లో పూర్తి చేయడం, పోటీ పరీక్షకు చదువుకోవడం, అల్లాహ్ ప్రసన్నత కోసం చేస్తే ఇవన్నీ పుణ్యకార్యాలే. దూరమైన అన్నకు ఫోన్ చేసి సలాం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. బంధుత్వం కలుపుకోవడం కూడా ఒక లక్ష్యమే కదా!

అయితే రెండు హెచ్చరికలు. మొదటిది, యజమాని వద్ద వేతనం తీసుకునే సమయం మన తీరిక కాదు. అది ఆయన అమానతు. పని వదిలి తస్బీహ్ తిప్పినా అది అమానతులో ఖియానతే అవుతుంది. రెండవది, విశ్రాంతికీ హక్కుంది. రాత్రంతా నమాజులో నిలబడబోయిన హజ్రత్ అబూ దర్దా (రజి)ను హజ్రత్ సల్మాన్ (రజి) ఆపి, ప్రభువుకూ, శరీరానికీ, ఇల్లాలికీ వేర్వేరు హక్కులున్నాయని, ఎవరి హక్కు వారికివ్వమని చెప్పారు. ఆ మాట సత్యమని దైవప్రవక్త (స) ధ్రువీకరించారు. కనుక అలసిన మనిషి కాసేపు కళ్లు మూసుకుంటే, తండ్రి పిల్లలతో ఆడుకుంటే అది వ్యర్థం కాదు. విశ్రాంతీ కాక, పనీ కాక, ఎవరి హక్కూ తీరక కరిగిపోయే సమయమే వ్యర్థం.

చివరగా ఒక విన్నపం. వచ్చే జుమా లోపల మీలో ప్రతి ఒక్కరూ ఒకే ఒక్క పనిని ఎంచుకోండి. రెండు వద్దు. దాన్ని ఏదో ఒక నమాజు వేళకు ముడిపెట్టండి. ఉమర్ (రజి) గారిలా ఒక తోడును చూసుకోండి. ఒకనాడు తప్పితే మరునాడు మళ్లీ మొదలుపెట్టండి, మానేయకండి. ఇంట్లో పెద్దవారు మిమ్మల్ని ఏదైనా చిన్న కోరిక కోరి ఉంటే, మొదట అదే ఎంచుకోండి. రమజాన్ వచ్చేదాకా ఆగకండి.

ఈ మస్జిదులో ఇషా నమాజు తర్వాత పది నిమిషాల పాటు, నమాజులో చదివే చిన్న సూరాల అర్థాన్ని నేను తెలుగులో చెబుతున్నాను. మా నాన్నగారి వయసువారు నలుగురైదుగురు వచ్చి కూర్చుంటారు. వారికి చెబుతున్నప్పుడల్లా నాకు నాన్నగారి ప్రశ్నే గుర్తుకొస్తుంది. ఆయన రుణం నేను తీర్చలేను. మీరు మాత్రం అటువంటి రుణంలో పడవద్దని కోరుకుంటున్నాను.

యా అల్లాహ్! మా ఆయుష్షులో, మా సమయంలో బర్కతు ప్రసాదించు. మేము వృథా చేసిన ఘడియలను క్షమించు. మా తల్లిదండ్రులను కరుణించు, గతించినవారిని మన్నించు. ఇంకా మిగిలి ఉన్న కొద్ది గడువును గుర్తించే బుద్ధిని మాకు అనుగ్రహించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.