పరాయి ఇంట్లో సొంత మంచం

జె-1 వీసాపై అమెరికా హైస్కూల్లో చదవడానికి వెళ్లే పిల్లలు మామూలుగా అక్కడి ఒక కుటుంబంతోనే ఉంటారు. ఆ కుటుంబానికి డబ్బేమీ ముట్టదు. అయినా కన్నబిడ్డలా చూసుకోవాలి.

నాకు బాగా నచ్చింది మంచం నిబంధన. పిల్లవాడికి విడిగా మంచం ఉండాలి. గాలిపరుపు, మడత సోఫా చెల్లవు. వేల మైళ్ల దూరం వెళ్లిన బిడ్డకు రాత్రిపూట నడుం వాల్చే చోటైనా తనదనిపించాలి కదా!

ఇంట్లో 18 ఏళ్లు నిండిన అందరి నేరచరిత్రనూ ముందే పరిశీలిస్తారు. పిల్లల్ని పంపే సంస్థ తరఫు స్థానిక సమన్వయకర్త బిడ్డను నెలనెలా పలకరించాలి. ఆ సమన్వయకర్త ఫోన్ నంబరు బిడ్డకు నోటికి వచ్చేలా చూడండి.

మీ బిడ్డ మాంసం తినకపోతే ఆ సంగతి దరఖాస్తులోనే రాయండి. మొహమాటంతో దాచి, అక్కడికెళ్లాక బిడ్డ పస్తులుండడం ఎందుకు?