పరదేశంలో తొలి మాసం
(మద్నూరులో జరిగిన విద్యార్థి సహాయ సభలో చేసిన ఉపన్యాస పాఠం)



విద్యాదానమును గురించి నాలుగు మాటలు చెప్పమని ధర్మకర్తలు నన్ను ఆదేశించినారు. విద్యాదాన ప్రశంస మీరు ప్రతి పర్వదినమునందూ వింటూనే ఉన్నారు గనుక దానిని మరల వల్లించను. పరదేశమునకు చదువుకై వెళ్ళిన పిల్లవానికి మొదటి నెల ఎట్లా గడుస్తుంది, ఆ నెలలో వానికి మనమేమి చేయగలము అన్న ఒక్క విషయమే ఎత్తుకొంటాను.

మద్నూరు వారికి పరభాష వింత కాదు. మన అంగడిలో తెలుగు, మరాఠీ, కన్నడము మూడూ చెవిన పడతాయి. దెగ్లూరు బస్సెక్కితే కొద్దిసేపటికే రాష్ట్రం మారిపోతుంది. మునుపు పై చదువు అంటే నిజామాబాదో నాందేడో, మహా అయితే హైదరాబాదో. ఇప్పుడు పత్తి చేను అమ్మిన తండ్రి నోట డల్లాస్, లండన్, మెల్‌బోర్న్ పేర్లు వస్తున్నాయి. ఇది సంతోషించదగినదే. సముద్రయానం నిషిద్ధం కదా అని నన్ను ఇంకా అడిగేవారున్నారు. బౌధాయనులు దానిని పాతకములలో చేర్చిన మాట నిజమే. అదే బౌధాయనులు ఔత్తరాహుల ఆచారములను లెక్కించునప్పుడు సముద్రయానమునూ పేర్కొన్నారు. అనగా ఆనాడే జనులు ఓడలెక్కుచుండిరన్నమాట. ఈ చర్చ ఇంతటితో చాలును. వెళ్ళినవాడు అక్కడ ఏమి తింటాడన్నది నా చింత.

నేను సంస్కృత పాఠశాలలో చదివే రోజులలో మాకు వారాలుండేవి. ఏడు రోజులకు ఏడు ఇళ్ళు. గురువుగారు వెంటబెట్టుకొని పోయి, ‘ఈ పిల్లవాడు మంగళవారం మీ ఇంటికి వస్తాడమ్మా’ అని చెప్పి వచ్చేవారు. శనివారం రాత్రి ఒక ఇంట అన్నం వండేవారు కాదు, ఉప్పుడు పిండి చేసేవారు. ఆ శనివారం కోసం మేము వారమంతా ఎదురుచూచేవారము. కొత్త ఊరు, కొత్త ముఖాలు, రాత్రివేళ తల్లి జ్ఞాపకం వచ్చి దుఃఖం, ఇవన్నీ మాకూ ఉన్నవి. అయితే రేపటి అన్నమెక్కడిదన్న భయం మాత్రం ఒక్కనాడూ లేదు. కౌముది వంటబట్టినదంటే అందులో ఆ ఏడుగురు తల్లుల భాగమున్నది.

మహానగరంలో వారాలెవరిస్తారు?

ఎల్లాప్రగడ సుబ్బారావుగారి కథ మీలో కొందరికి తెలిసియుండును. 1895లో భీమవరంలో పుట్టినారు. బాల్యంలో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించవలెనని ఇల్లు వదలి పారిపోగా, పెద్దలు పట్టి తెచ్చినారట. యౌవనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించవలెనని తలచినారు. సోదరులిద్దరు స్ప్రూ అనే జీర్ణవ్యాధితో కొద్ది రోజుల వ్యవధిలో మరణించినారు. మన వైద్యశాస్త్రంలోని గ్రహణితో దానిని పోల్చవచ్చును. తమకూ ఆ వ్యాధే సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా పొందినారు.

అటువంటి ఆయన 1923 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టన్ నగరంలో కాలుపెట్టినారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల చదువుకు ప్రవేశం దొరికినది గాని, విద్యార్థివేతనం లేదు. చలికాలం ముంచుకొని వస్తున్నది. చేతిలో ఉన్నది స్వల్పం. ఇక్కడ వైద్యుడనిపించుకొన్నవానికి అక్కడ ఆ పట్టాపై వైద్యోద్యోగం దొరకలేదు. ఆయన చేసినదేమి? ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు కడిగినారు. రాత్రి ఆ పని, పగలు చదువు. 1924లో ఆ డిప్లొమా ముగించినారు. మరుసటి ఏడే, ఫిస్క్ అనే ఆచార్యునితో కలసి రక్తమూత్రములందలి భాస్వరమును కొలిచే పద్ధతిని ప్రకటించినారు. వారిద్దరి పేర్లతోనే అది నేటికీ వ్యవహరింపబడుచున్నది.

సోదరులను బలిగొన్న వ్యాధికి ఉపకరించే ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమంగా తయారుచేసినది లెడర్లే సంస్థలో ఆయన నడిపిన పరిశోధక బృందమే. బోదకాలు రాకుండా మన ఇళ్ళకు వచ్చి మింగించే డి.ఇ.సి. మాత్ర కూడ ఆ బృందం కృషి ఫలమే. ఇంతటి మహనీయుడు 1948లో న్యూయార్కులో కాలధర్మం చెందినారు. స్వదేశానికి తిరిగి రాలేదు. భార్య శేషగిరమ్మగారిని మరల చూడలేదు. తాము వెళ్ళిన తరువాత పుట్టి శైశవంలోనే గతించిన కుమారుని అసలే చూడలేదు. ఈ మాట చెప్పకుండా ఆయన కీర్తిని మాత్రమే చెప్పడం నాకు నచ్చదు.

దాతలు ప్రత్యేకంగా వినవలసినది ఒకటున్నది. ఆ ప్రయాణానికి వెనుక నిలిచినవారు ఇద్దరు. ఒకరు పిల్లనిచ్చిన మామగారు. రెండవది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. సత్యలింగ నాయకరుగారు కోరంగి ప్రాంతం నుండి రంగూను పోయి ఆర్జించిన ధనమును ధర్మకార్యములకు వ్రాసి 1915లో కన్నుమూసినారు. తమ సొమ్ము ఏ పిల్లవానిని ఏ తీరానికి చేర్చునో ఆయనకు తెలియదు.

అయినా ఆ పిల్లవాడు మలపాత్రలు కడిగితే గాని గడవలేదు. అందులో అవమానమేమీ లేదు, సేవ సేవయే. కాని నేడు ఆ దారి కూడ మూసియున్నది. విద్యార్థి వీసాపై అమెరికా వెళ్ళినవారు మొదటి సంవత్సరం కళాశాల ఆవరణ వెలుపల సాధారణంగా పనిచేయరాదు. ఆవరణలోనైనా చదువు సాగే కాలంలో వారానికి 20 గంటలకు మించరాదు. చాటుగా పనిచేసి పట్టుబడితే చదువే పోవును. ఇది తెలియని తండ్రి, వడ్డీ భయంతో, రెండవ వారంలోనే ఫోను చేసి ‘పని దొరికిందా బిడ్డా?’ అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు లేక, తిన్నానని అబద్ధమాడి, రొట్టెముక్కతో పడుకొన్న పిల్లవానిని నేనెరుగుదును. నా వద్ద అమరం నేర్చినవాడే. వాడు తల్లితో చెప్పలేదు, నాతో చెప్పినాడు.

మనం దారిఖర్చు ఇస్తాము, విమానాశ్రయానికి దండలతో పోతాము, ఫోటో దిగుతాము. దిగిన నాటి నుండి నెల రోజుల అన్నం, అద్దె ఎవరి లెక్కలోనూ ఉండవు. కావున నేను ధర్మకర్తలను కోరినదిది: మన విద్యార్థి నిధిలో కొంత భాగం కేవలం ఆ మొదటి నెలకై వేరుగా ఉంచండి. ఇచ్చినప్పుడు సభ పెట్టవద్దు, పత్రికలో పేరు వేయవద్దు. ఆ ఊళ్ళో మన జిల్లా కుటుంబాలెవరైనా ఉంటే ముందుగానే జాబు వ్రాసి, వారానికొక పూట ఈ పిల్లవానిని భోజనానికి పిలవండని అడగండి. అడగడానికి సిగ్గెందుకు? మా గురువుగారు ఏడు గడపల్లో అడిగినారు.

ఈ శ్రావణంలో మన ఊరి నుండి ముగ్గురు వెళ్తున్నారని విన్నాను. వారి తల్లిదండ్రులు ఈ సభలోనే ఉన్నారు. అమ్మా, ఫోను చేసినప్పుడు ముందు ఏమి తిన్నావని అడగండి. ఏమి వండుకొన్నావు, ఎవరితో కలసి తిన్నావు అని కూడ అడగండి. అప్పు సంగతి నెల దాటినాక మాట్లాడుకోవచ్చును.

స్వస్తి.