రాయి కదలకూడదు



కార్యదర్శిగారు మీ ఇష్టమైన విషయం మాట్లాడమన్నారు గనుక సముద్రం గురించి చెబుతాను. రామగిరి ఖిల్లా నీడన ఉన్నవాళ్ళకు సముద్రంతో ఏం పని అనకండి. మన గోదావరి చివరికి చేరేది అక్కడికే.

మా చిన్నమ్మాయిని అంతర్వేది దగ్గర ఒక పల్లెలో ఇచ్చాం. "బావగారూ, నా పెళ్ళినాటికి మా తోట అవతల ఇంకో కొబ్బరితోట ఉండేది" అన్నారు వియ్యంకుడుగారు. ఇప్పుడక్కడ అలలే. ఎన్ని గజాలు పోయిందంటే మాత్రం లెక్క లేదు. అల్లుడేమో అక్కడే మేడ వేస్తానని నా గ్రాట్యుటీలో కొంత అడిగాడు.

నేను సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి. డీపిల్లరింగ్ పైన నేల ఎంత కుంగిందో తెలియాలంటే, కుంగని చోట బెంచ్ మార్కు ఉండాలి. ఒకచోట ఎవరో ఆ రాయి పీకి ఇంటి మెట్టుకు వేసుకున్నారు. ఆరేళ్ళ ఫీల్డ్ బుక్కులు వృథా! కొత్త రీడింగును పాతవాటితో కలిపే ఆధారమే పోయింది.

తీరానిదీ అదే లెక్క. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 1976, 2001 నాటి ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి, 160 కిలోమీటర్ల గోదావరి డెల్టా తీరంలో నికరంగా 1,836 హెక్టార్లు, అంటే నాలుగున్నర వేల ఎకరాలు సముద్రంలో కలిసిందని తేల్చారు. 1970లలో నది దిగువకు ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు చేరేది. 1990లలో అది 6 కోట్ల టన్నుల లోపే. మిగతాది ఎగువ ఆనకట్టల వెనక ఆగింది. ఒండ్రు రాకపోతే అల కోసినచోటు పూడదు. (స్టోయింగ్‌కు మనమూ గోదావరి ఇసుకే గనుల్లోకి పంపాం, గుర్తుందిగా!)

తుపానుకు కోసుకుపోయిన ఒడ్డు ఎండాకాలంలో కొంత తిరిగి కట్టుకుంటుంది. అందుకే ఒక వేసవిలో "సముద్రం వెనక్కు పోయింది, మామయ్యా" అని అల్లుడు ఫోన్ చేస్తే నేను సంతోషించలేదు. ఇంటి వెనక కాంక్రీటులో రాయి పాతించాను. ఏటా మాఘ పౌర్ణమినాడు, నిండు పోటులో, ఆ రాయి నుంచి అల తాకిన గీత దాకా టేపు పట్టమన్నాను.

మొదటి ఏడు 61 మీటర్లు. రెండో ఏడు 57న్నర. రెండు రీడింగులతో ఏదీ తేల్చకూడదు. అయిదు వచ్చాకే డబ్బు ఇస్తానన్నాను. అమ్మాయి అప్పటినుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. టేపు మాత్రం మనుమడే పడుతున్నాడు, తేదీ వేసి మరీ రాస్తున్నాడు.