సిపాయి మన బిడ్డే, మరి ఆఫీసర్ ఎందుకు కాడు?

(వడ్డేపల్లిలో అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



తెల్లారక ముందే శాంతినగర్ రోడ్డు మీద మన పిల్లలు పరుగు తీస్తుంటరు. ఎందుకురా అంటే మిలిటరీ సెలక్షన్ సార్ అంటరు. సంతోషం. ఏ ఉద్యోగానికిరా అంటే మాత్రం అందరిదీ ఒకటే మాట: సిపాయి. ఆఫీసర్ పరీక్ష రాస్తానన్న పిల్లగాడు ఇంతవరకు మాకు ఎదురు కాలేదు. తప్పు పిల్లలది కాదు. అసలు అట్లాంటి దారి ఒకటి ఉందని మేము, బడి సార్లం, ఎప్పుడూ చెప్పలేదు. ఆ తప్పు మాది. అందుకే ఈ రోజు ఒక ఆఫీసర్ కథ చెబుతున్నం.

ఆయన తెలుగువాడు. పేరు కోటికలపూడి వెంకట కృష్ణారావు. 1942 ఆగస్టు 9న, గాంధీ తదితర నాయకులను క్విట్ ఇండియా కేసులో పట్టుకపోయిన రోజే, ఆయన సైన్యంలో ఆఫీసర్ అయిండు. అప్పటికి 19 ఏళ్లు. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ 1932లో పెట్టినప్పుడు మొదటి బ్యాచిలో 40 మందే. యుద్ధం ముదిరినంక ఆఫీసర్లు చాలక అక్కడి శిక్షణను ఆరు నెలలకు కుదించిన్రు. మ్యాపు చదవడం, తుపాకి పట్టడం, మందిని నడిపించడం అన్నీ ఆ ఆరు నెలల్లోనే. అట్లాంటి రోజుల్లో మీసం సరిగ్గా రాని వయసులో ఈ పిల్లగాడు బర్మా యుద్ధరంగం దాకా పోయిండు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో ఒక డివిజన్‌ను నడిపించిండు. 1981లో భారత సైన్యానికే అధిపతి అయిండు. ఆ ఎదుగుదలను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలె.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన చేరింది ఏ పల్టన్‌లో? మహర్ రెజిమెంటు రెండో బెటాలియన్‌లో! అంటే బాబాసాహెబ్ పుట్టిన కులం పేరుతో ఉన్న పల్టన్.

ఆ పల్టన్ ఊరికే రాలేదు. 1818లో కోరేగావ్‌లో పోరాడిన మహర్లను 19వ శతాబ్దం చివర్లో తెల్లదొరలు వీరజాతి కాదని సైన్యంలోకి రానియ్యలేదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, మళ్లీ గుర్తొచ్చిన్రు. 1917లో 111వ మహర్ పల్టన్ పెట్టిన్రు, 1921లో ఎత్తేసిన్రు. రెండో యుద్ధం వచ్చింది. బాబాసాహెబ్ పట్టుబట్టిండు. 1941 అక్టోబరు 1న బెల్గాంలో మహర్ రెజిమెంటు పుట్టింది. 1943లో చమార్ రెజిమెంటు పెట్టిన్రు, 1946లో దాన్ని కూడా రద్దు చేసిన్రు. యుద్ధమొస్తే పిలుపు, యుద్ధమైతే సెలవు. కోత కాలంలో కూలోన్ని పిలిచినట్టు!

మహర్ రెజిమెంటు నుంచి ఇద్దరు సైన్యాధిపతులు వచ్చిన్రు. ఒకరు కృష్ణారావు, ఇంకొకరు 1986లో సుందర్జీ. ఇద్దరూ గట్టివాళ్లే. కానీ ఇద్దరిలో ఒక్కరూ మహర్ ఇంటి బిడ్డ కాదు. పేరు మనది, నెత్తురు మనది, కుర్చీ మాత్రం మనది కాదు. వాళ్ల గొప్పను తక్కువ చేయడానికి ఈ మాట అంటలేం. ఆఫీసర్ పుట్టడు, తయారవుతడు అని వాళ్ల కథే చెబుతుంది. 19 ఏళ్ల పిల్లగాన్ని ఆరు నెలల్లో నాయకుణ్ని చేయగలిగిన శిక్షణ మన పిల్లగాన్ని చేయలేదా? చేస్తది. తలుపు దాకా పోవాలె, అంతే.

తలుపు దాకా పోయేది చదువుతోనే. బాబాసాహెబ్ నాయిన సుబేదార్ రాంజీ సైన్యం బడిలో హెడ్మాస్టరు. ఆ ఇంట్లోకి తుపాకి కంటే పలక ఎక్కువ పని చేసింది.

మన దగ్గర ఏం జరుగుతుంది? సీడు పత్తి క్రాసింగు రాంగానే గేరి పిల్లలు బడి మానుతరు. ఆడపిల్లకు పదహారు నిండకముందే సంబంధం చూస్తరు. అదే పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల వయసే నేషనల్ డిఫెన్స్ అకాడమీకి పోయే వయసు! పెండ్లి కాకూడదు. ఇంటర్ చదవాలె. ఏడాదికి రెండుసార్లు పరీక్ష. ఎస్సీ పిల్లలకు, ఆడపిల్లలకు ఫీజు లేదు. సైన్యంలో రిజర్వేషన్ లేదు కాబట్టి తయారీయే మనకు నిచ్చెన. 2021లో సుప్రీంకోర్టు చెప్పినంక ఆడపిల్లలకు ఆ తలుపు తెరుచుకుంది. 2025 మే నెలలో మొదటి 17 మంది ఆడపిల్లలు అక్కడ చదువు పూర్తి చేసి బయటికొచ్చిన్రు. ఆడపిల్లలను సైన్యానికి తయారు చేసే గురుకుల డిగ్రీ కాలేజీ మన తెలంగాణలోనే, భువనగిరిలో ఉంది.

అమ్మలారా, మేము అడిగేది ఒక్కటే. ఈ వానకాలం పిల్లల్ని పత్తి చేన్ల నుంచి బడికి పంపుండ్రి. సాయంత్రం లెక్కలు, ఇంగ్లీషు చెప్పే పూచీ మాది. కమ్యూనిటీ హాల్లో కూర్చుందాం, దీపం మేమే పెడతం.

యుద్ధం వచ్చి మనల్ని పిలిచేదాకా ఆగొద్దు. శాంతి కాలంలోనే తలుపు తట్టుదాం.

జై భీమ్!